పెడల్ మీద కాలు

మూడోసారి కూడా బ్రేకు పెడల్ మెత్తగా దిగిపోయిందని తమ్ముడు చెప్పేసరికి పెద్దమేస్త్రి కారు పక్కనుంచి లేచి వచ్చాడు. కిటికీలోంచి ఎడంచెయ్యి లోపలికి పెట్టి తమ్ముడి చొక్కా కాలరు పట్టుకుని, కుడిచేత్తో లాగి ఒక్కటి కొట్టాడు. చిన్నోడి తల వెళ్లి సీటుకు కొట్టుకుంది. చెవిలో జుయ్యిమని మోత మొదలైంది.

“కాలెందుకెత్తావురా? వదులు అన్నానా నేను? అనకముందే ఎందుకెత్తావు?”

“ఎత్తలేదన్నయ్యా.”

“మరి గాలెక్కణ్ణుంచొచ్చింది? మీ అత్తగారు పంపించిందా?”

షెడ్డు గుమ్మంలో కుర్చీ మీద కూర్చున్న టీచరమ్మ లేచి నిలబడింది. కారు ఆమెదే. రోజూ తను బడికి పోతూ వీధిలో ఉన్న నలుగురు పిల్లల్ని వెనక సీట్లో ఎక్కించుకుని పోతుంది.

“అదేంటండీ మేస్త్రీ, అంత మనిషి మీద చేయి చేసుకుంటారా?” అంది.

“ఎంత మనిషండీ? వీడు మా చిన్నోడు,” అని నవ్వాడు పెద్దమేస్త్రి. నవ్వుతూనే మళ్లీ ముందు చక్రం దగ్గరికి వెళ్లి కూలబడ్డాడు.

చిన్నోడికి ముప్పై ఆరేళ్లు. చెవుల పక్కన వెంట్రుకలు నెరిశాయి, ఏడేళ్ల కూతురుంది, అయినా వీధి మొత్తానికీ అతను చిన్నోడే. పొద్దున కూరగాయలమ్మే ఆవిడ కూడా “చిన్నోడా, నా బండి చక్రం చూడు నాయనా” అంటుంది. అందులో అతనికి ఏ బాధా లేదు. దెబ్బలే బాధ. అవి కూడా షెడ్డు లోపల, తలుపు వెనక పడితే సర్దుకునేవాడు. ఈ మధ్య అన్న బయటివాళ్ల ముందు కొడుతున్నాడు. కొట్టే తీరు కూడా మారింది. ఇదివరకు నిలబడ్డచోటు నుంచే చెయ్యి విసిరేవాడు, ఇప్పుడు ముందు కాలరు దొరకబుచ్చుకుని గాని కొట్టడంలేదు.

టీచరమ్మ కారుకి ఎడమవైపు ముందు చక్రం ప్యాడ్లని డిస్కుకి అదిమే క్యాలిపర్ పట్టేసింది. బ్రేకు వదిలినా ప్యాడ్లు డిస్కుని వదలవు, నాలుగు వీధులు తిరిగేసరికి చక్రం పెనంలా కాలిపోయి మాడువాసన వస్తోంది. పొద్దున పాతది విప్పి కొత్తది బిగించారు. బిగించడం గంట పని. ఆ తర్వాతది అసలు పని. బ్రేకు ఆయిల్ వచ్చే గొట్టం ఒకసారి విప్పితే లోపలికి గాలి దూరుతుంది. గాలి ఉన్నంతసేపూ బ్రేకు బ్రేకు కాదు. ఎంత తొక్కినా ఆ గాలే నలుగుతుంది గాని ప్యాడ్లు డిస్కుని గట్టిగా పట్టవు.

ఆ గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకడు సీట్లో కూర్చుని పెడల్ తొక్కిపట్టాలి. ఇంకొకడు చక్రం దగ్గర కూర్చుని క్యాలిపర్ మీద గాలి వదిలేందుకు ఉన్న నిపిల్‌కి సన్న ప్లాస్టిక్ గొట్టం తగిలించి, దాని కొస సీసాలో ముంచి, పానాతో నిపిల్ వదులు చేయాలి. ఆయిల్‌తో పాటు బుడగలు బయటికొస్తాయి. నిపిల్ బిగించేదాకా పెడల్ మీద కాలు ఎత్తకూడదు. ఎత్తితే బయటికొచ్చిన గాలి మళ్లీ లోపలికి పోతుంది.

ఆ షెడ్డులో నిపిల్ పెద్దమేస్త్రిది, పెడల్ చిన్నోడిది. పదమూడేళ్లుగా అంతే. చిన్నోడు ఇంజను విప్పుతాడు, గేరుబాక్సు దించుతాడు, కాని బ్రేకు నిపిల్ మీద పానా పెట్టడానికి మాత్రం వీల్లేదు. “బ్రేకంటే ప్రాణం. అది నా చేతిలోనే ఉండాలి” అంటాడు అన్న. పైకి లేపిన బానెట్ వెనక, డ్రైవరు సీట్లో కూర్చుంటే తమ్ముడికి కనిపించేది ఆ రేకు ఒక్కటే. మిగతాదంతా అన్న గొంతే.

“తొక్కు.”

తొక్కాడు.

“తొక్కు. ఇంకోసారి. తొక్కిపట్టు.”

తొక్కిపట్టాడు. పెడల్ నెమ్మదిగా కిందికి జారి నేలని తాకింది. కాలు కదపలేదు. పిక్క వణుకుతున్నా కదపలేదు. మోగుతున్న చెవి అటే ఉండటంతో ఈసారి మెడ తిప్పి రెండో చెవితో విన్నాడు.

“వదులు.”

అలా ఇరవైసార్లు చేశారు. మధ్యలో పెద్దమేస్త్రి లేచి బానెట్ కింద ఉన్న బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఆయిల్ పోశాడు. చివరికి “బుడగ లేదు. అయిపోయింది” అని పానా తుడుచుకున్నాడు.

చిన్నోడు ఇంకోసారి తొక్కి చూశాడు. మెత్తగానే ఉంది.

“అన్నయ్యా, ఇంకా మెత్తగానే...”

మాట పూర్తికాకముందే పానా బానెట్ పక్కనుంచి ఎగిరి వచ్చింది. తెరిచి ఉన్న తలుపుకి తగిలి, అక్కణ్ణుంచి అతని మోకాలి చిప్ప మీద పడింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నా పనికి వంకలు పెడతావా? రేపు పొద్దున ట్రయలు. నోరు మూసుకుని చక్రం బిగించు.”

చక్రం బిగించడానికి కుంటుతూ ముందుకు వెళ్లిన చిన్నోడికి చక్రం పైనున్న రేకు మీద జిడ్డు కనపడింది. డబ్బా మూతి పక్కన బ్రేక్ ఆయిల్ ఒలికి ధారగా కారింది. అది రంగుని తినేస్తుంది. అన్న చేతిలో చుక్క ఒలకడం అతనెప్పుడూ చూడలేదు. కోపంలో ఉన్నాడు పాపం అనుకుని నీళ్లు పోసి కడిగేశాడు. నిజంగా పాపం అనే అనుకున్నాడు. చెవి మోగుతూనే ఉంది.

*

మర్నాడు ట్రయలుకి స్టీరింగ్ దగ్గర చిన్నోడు కూర్చున్నాడు, పక్కన పెద్దమేస్త్రి. నడుం నొప్పి అంటూ ఏడాదిగా ఆయన బండి నడపడం మానేశాడు.

వీధిలో మెల్లగా పోయినంతసేపూ బాగానే ఉంది. రెండుసార్లు గబగబా తొక్కితే బ్రేకు పడుతోంది. “చూశావా?” అన్నాడు అన్న. ఆ మాటలో ఉన్న ఆనందం చూసి చిన్నోడికి కూడా ప్రాణం కుదుటపడింది. టైర్ల షాపు దగ్గర వీధి పల్లానికి దిగుతుంది. అక్కడ ఒక తోపుడుబండి సందులోంచి అడ్డంగా వచ్చింది.

తొక్కాడు. పెడల్ వెళ్లి నేలకి ఆనింది. అంతే, ఏమీ పడలేదు. మళ్లీ తొక్కేంత సమయం లేదు. హ్యాండ్‌బ్రేకు లాగి స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పాడు. తోపుడుబండి తప్పింది. కారు టైర్ల షాపు ముందున్న ఇనుప స్తంభానికి గుద్దుకుంది. లైటు భళ్లున పగిలింది. అతని నుదురు స్టీరింగ్‌కి కొట్టుకుని చిట్లింది. పక్కన అన్న మొహం డాష్‌బోర్డుకి తగిలి పెదవి పగిలింది.

అన్న ముందు దిగాడు. కారు మీద చెయ్యి వేసుకుంటూ ఇటు తిరిగివచ్చి, తలుపు తీసి, కాలరు దొరకబుచ్చుకుని తమ్ముణ్ణి రోడ్డు మీదకి ఈడ్చాడు.

“నా పరువు తీశావు కదరా! కాలు పెట్టడం రాదు, ఎత్తడం రాదు! ఏం తిని పెరిగావురా నువ్వు?”

మొదటి తన్ను డొక్కలో పడింది. రెండోది తొడ మీద. చిన్నోడు ముడుచుకుపోయాడు. అన్న చెయ్యి లేస్తే తల వంచడం తప్ప చిన్నప్పటినుంచీ అతనికి ఇంకోటి తెలియదు. నుదుటి నుంచి కారిన రక్తం కంట్లోకి దిగి దుమ్ముతో కలిసింది. టైర్ల షాపాయన లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి “చచ్చిపోతాడు మేస్త్రీ, వదిలెయ్” అంటూ నడుం పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. మోచేత్తో ఆయన ఛాతీలో పొడిచి విడిపించుకుని పెద్దమేస్త్రి మూడోసారి తన్నాడు.

సరిగ్గా అప్పుడే చిన్నోడి కూతురు బడికి పోతూ అక్కడికొచ్చింది. సంచీ రోడ్డు మీద పడేసి పెదనాన్న చేతికి వేలాడి, మణికట్టు దగ్గర పళ్లు దిగేలా కొరికింది. పెద్దమేస్త్రి కెవ్వున అరిచి చెయ్యి విదిలించాడు. పిల్ల వెళ్లి టైర్ల మీద పడింది.

“ఎవరది? ఎవర్రా అది నన్ను కొరికింది?”

పిల్ల ఏడుపు వినపడింది. పెద్దమేస్త్రి నిలబడ్డచోటే ఆగిపోయాడు. మొహంలో రక్తం లేదు, పెదవి మీద తప్ప. “బంగారం, నువ్వా?” అన్నాడు. పిల్ల లేచి వచ్చింది. తండ్రి పక్కన కూర్చుని అతని చొక్కా పట్టుకుంది.

ఇంటి దగ్గర చిన్నోడి భార్య నుదురు కడిగి గుడ్డ కట్టింది. కూతురి మోచేతికి మందు రాసింది. ఆమె ఊరుకుంటే చిన్నోడికి అన్న తిట్టినదానికంటే ఎక్కువ భయం.

“బావగారికి అన్నం పంపను ఇవాళ్టినుంచి,” అంది చివరికి.

“సరే.”

“దీనికి సరే అంటావు, దానికీ సరే అంటావు. నన్నేం చేయమంటావో చెప్పు. నువ్వు రోడ్డు మీద తన్నులు తింటుంటే అడ్డం పడింది ఎవరు? ఏడేళ్ల పిల్ల. సిగ్గనిపించలేదా నీకు?”

“అనిపించింది.”

“అయితే విను. ఇంకోసారి ఆయన చెయ్యెత్తితే నువ్వు తిరిగి కొట్టాలి. కొట్టకుండా ఇంటికొచ్చావో, నేను పిల్లని తీసుకుని మా అక్క దగ్గరికి పోతా. నాన్న అంటే దెబ్బలు తినేవాడు అనుకుంటూ ఇది పెరగకూడదు. నాకిష్టం లేదు.”

“కొడతాను,” అన్నాడు చిన్నోడు.

“మాటిస్తున్నావా?”

“ఇస్తున్నా. ఈసారి కొడతాను.”

ఆ మాట అన్నాక అతనికి అన్నం సహించలేదు.

*

మర్నాడు పొద్దున అతను షెడ్డుకి వెళ్లేసరికి టీచరమ్మ కారు మళ్లీ జాకీ మీద ఉంది. ఎడమ చక్రం విప్పి ఉంది. వంగిన బంపర్‌ని రాత్రే ఎవరి చేతో సుత్తితో కొట్టించి, పగిలిన లైటు మార్పించినట్టున్నాడు అన్న. ఆమె మధ్యాహ్నం వచ్చి కారు తీసుకుపోతుంది, బడి వదిలాక పిల్లల్ని తేవాలి.

పెద్దమేస్త్రి వెనక గదిలోంచి బయటికొచ్చాడు. పెదవి వాచి ఉంది. మణికట్టుకి గుడ్డ చుట్టుకున్నాడు.

“వచ్చావా? కూర్చో. తొక్కు.”

“కూర్చోను.”

ఆ షెడ్డులో అంతకుముందు ఎప్పుడూ అంత చిన్న మాటకి అంత ధైర్యం అవసరమవలేదు. చిన్నోడు గోడ పక్కన నీడలో నిలబడి, అక్కడ ఆనించి ఉన్న వీల్ పానా చేతిలోకి తీసుకున్నాడు. మూరెడు ఇనుము. చేతికి చల్లగా తగిలింది.

“ఏమన్నావురా?”

“కూర్చోనన్నాను. పెడల్ మెత్తగా ఉందని చెప్పాను. వినలేదు నువ్వు. ఇంకో అడుగు పడుంటే ఆ బండివాణ్ణి చంపేసేవాణ్ణి.”

“ఎదురు చెప్తావా? పెళ్లాం నేర్పి పంపిందా?”

పెద్దమేస్త్రి మీదకి వచ్చాడు. ఎడంచెయ్యి కాలరు కోసం చాపాడు. చిన్నోడు ఒక్కడుగు పక్కకి జరిగాడు. ఆ చెయ్యి ఖాళీని పట్టుకుంది, మళ్లీ తెరుచుకుంది, మళ్లీ వెతుక్కుంది. నోరు మాత్రం ఆగలేదు. తల్లిని, తండ్రిని, తిన్న తిండిని అన్నిటినీ కలిపి తిడుతూనే ఉన్నాడు.

చిన్నోడు వీల్ పానా భుజం మీదకి ఎత్తాడు. ఒక్క దెబ్బకి పుర్రె పగులుతుందని అతనికి తెలుసు. కొట్టాలనే ఎత్తాడు.

అన్న రెప్ప వేయలేదు. తల వంచలేదు. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. రెండడుగుల దూరంలో ఇనుము లేచి ఉంటే, ఆయన తమ్ముడి భుజం పక్కనున్న గోడని చూస్తూ తిడుతున్నాడు.

చిన్నోడు పానాని మెల్లగా కుడివైపుకి జరిపాడు. ఆ కళ్లు కదల్లేదు. ఎడమవైపుకి తెచ్చాడు. కదల్లేదు.

పానా దింపాడు. అది నేలకి తగిలి ఠంగుమంది. ఆ చప్పుడుకి అన్న ఉలిక్కిపడి మాట ఆపేశాడు.

“ఎన్నాళ్లయింది అన్నయ్యా?”

“ఏంటి ఎన్నాళ్లు?”

“కళ్లు.”

పెద్దమేస్త్రి పిడికిలి బిగించి గుద్దాడు. శబ్దం వచ్చిన వైపు గట్టిగా, ఉన్న బలమంతా పెట్టి గుద్దాడు. అది తమ్ముడి చెవి పక్కనుంచి పోయి గోడకి తగిలింది. వేళ్ల కణుపులు చిట్లాయి. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని ఆయన పాత టైరు మీద కూలబడ్డాడు.

“డిస్కు కనపడుతుంది,” అన్నాడు. “గొట్టం కనపడుతుంది. నువ్వూ కనపడతావు, మసగ్గా. బుడగ కనపడట్లేదురా. డబ్బాలో ఆయిల్ గీత కనపడట్లేదు.”

“నాకు చెప్తే పోయేది కదా!”

“చెప్పాక నన్ను ఎక్కడ కూర్చోబెడతావు? గుమ్మంలోనా?” అన్నాడు. “మెత్తగా ఉందని నువ్వు అన్నప్పుడల్లా ఒళ్లు మండిపోయేది నాకు. గుడ్డివాడివి అన్నట్టే వినపడేది. పెడల్ గట్టిగా ఉందని నువ్వు చెప్తే చాలనుకునేవాణ్ణి.” కణుపుల మీది రక్తం తుడుచుకుంటూ, “పిల్లకి దెబ్బ తగిలిందా?” అన్నాడు.

“మోచెయ్యి గీరుకుంది.”

“టీచరమ్మకి చెప్పకు.”

చిన్నోడు డబ్బా మూత తీసి చూశాడు. ఆయిల్ అడుగంటి ఉంది. అయిపోతున్నది చూడక తొక్కిస్తూ పోతే ఎంత గాలి తీసినా అంతకంతా పైనుంచి పీల్చుకుంటూనే ఉంటుంది. ఎవరికైనా తెలిసే సంగతే. చూస్తే తెలిసే సంగతి. గీతదాకా పోసి మూత బిగించి, అన్న చెయ్యి పట్టుకుని సీటు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన మొరాయించకుండా కూర్చున్నాడు. చిన్నోడు వెళ్లి చక్రం పక్కన, ఇన్నాళ్లూ అన్న కూర్చున్న గోనెసంచి మీద కూర్చుని నిపిల్‌కి పానా తగిలించాడు.

“తొక్కు. ఇంకోసారి. తొక్కిపట్టు.”

నిపిల్ పావు చుట్టు తిప్పాడు. గొట్టంలో బుడగలు వరసగా పరుగెత్తాయి, ఆవగింజలంతవి, శనగగింజలంతవి. ఇంత గాలి పెట్టుకుని నలుగురు పిల్లల్ని ఎక్కించుకుంటుందా ఆ మనిషి అనుకుంటే అతనికి వెన్ను జలదరించింది. బిగించబోతుండగానే ఆయిల్ ఒక్కసారిగా వెనక్కి పరుగెత్తింది. బుడగలన్నీ మళ్లీ లోపలికి పోయాయి.

“కాలు ఎత్తావన్నయ్యా. వదులు అన్నాక ఎత్తాలి.”

“అన్నావనుకున్నా.”

మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ ఎత్తాడు. యాభై దాటిన కాలు, పెడల్ అలవాటు తప్పిన కాలు, అడుగున పట్టి ఉంచలేక జారుతోంది. మూడోసారి “గట్టిగా పట్టు” అన్నాడు చిన్నోడు. నాలుగోసారి “నీకు చెప్పేది అర్థమవుతోందా?” అన్నాడు. అన్నాక ఆ గొంతు తనదేనా అనిపించింది. ఎండ షెడ్డు లోపలికి వస్తోంది. టీచరమ్మ వచ్చే వేళ అవుతోంది. మొన్నటి దెబ్బకి చెవి ఇంకా మోగుతోంది. నుదుటి గాయం కింద నరం కొట్టుకుంటోంది.

ఐదోసారి పది బుడగలు బయటికొచ్చాయి. పదకొండోది గొట్టం మధ్యలో ఉండగా వెనక్కి తిరిగి లోపలికి పోయింది.

చిన్నోడు లేచాడు. లేచింది తెలుసు, కిటికీ దగ్గరికి నడిచింది తెలుసు. చెయ్యి లోపలికి పెట్టి కొట్టాడు. పెద్దమేస్త్రి తల వెళ్లి సీటుకు కొట్టుకుంది. ఆయన తప్పుకోలేదు. తిట్టలేదు. వాచిన పెదవి మళ్లీ చిట్లి, సన్నగా రక్తం గడ్డం మీదకి దిగింది. దాన్ని భుజానికి తుడుచుకుని, కాలితో తడిమి పెడల్ వెతుక్కున్నాడు.

“తొక్కమంటావా?” అన్నాడు.

చిన్నోడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ వెళ్లి గోనెసంచి మీద కూర్చున్నాడు.

“తొక్కు,” అన్నాడు.

ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆ కాలు పైకి లేవలేదు. పది నిమిషాల్లో గొట్టంలో బుడగ లేకుండా ఆయిల్ తేటగా వచ్చింది. పెడల్ రాయిలా గట్టిపడింది. చిన్నోడు ఒక్కడే కారు తీసుకుపోయి పల్లం దగ్గర నాలుగుసార్లు ఆపి చూశాడు. మధ్యాహ్నం టీచరమ్మ వచ్చి తొక్కి చూసి “అబ్బ, ఎంత బాగుందో! ఎంతైనా మేస్త్రి చెయ్యి మేస్త్రి చెయ్యే” అంది. పెద్దమేస్త్రి ఆమె గొంతు వచ్చిన వైపుకి తిరిగి నవ్వాడు.

సాయంత్రం భార్య గుమ్మంలోనే ఎదురైంది. అతని మొహం పరీక్షగా చూసింది. కొత్త దెబ్బ ఏదీ కనపడలేదు.

“ఏమైంది? చెయ్యెత్తాడా?”

“ఎత్తాడు. తగల్లేదు.”

“మరి నువ్వు?”

“కొట్టాను.”

ఆమె మొహం ఒక్కసారిగా వెలిగింది. చేతిలో ఉన్న చెంబు కింద పెట్టి అతని చెయ్యి పట్టుకుంది. “నిజంగా? బావగార్నే?” అంది. గొంతు తగ్గించి, నవ్వు ఆపుకుంటూ అడిగింది, “అంత ఒడుపున్న మనిషి, తప్పుకోలేదా?”

“ఆయనకి కళ్లు కనపడవు,” అన్నాడు చిన్నోడు. “పొద్దున తెలిసింది నాకు. తెలిశాకే కొట్టాను.”

ఆమె అతని చెయ్యి వదిలేసింది.